పలకని అక్షరాల పేచీ

ప్రశ్న: మాష్టారికి నమస్కారం. మాది ఒంగోలు. బీకాం చదివి, చీమకుర్తి దగ్గర గ్రానైటు ఎగుమతి చేసే ఒక ఆఫీసులో రెండేళ్లుగా పని చేస్తున్నాను. పోయిన నెల విదేశీ కొనుగోలుదారుతో వీడియో మీటింగు జరుగుతుండగా ఒప్పందంలోని ఒక షరతును నన్ను చదవమన్నారు. అందులో ‘ఫోర్స్ మజర్’ అని పలకవలసిన మాటను నేను ‘ఫోర్స్ మేజర్’ అని చదివాను. అవతలి వాళ్లు ఏమీ అనలేదు గాని, హైదరాబాదులో చదువుకుని వచ్చిన మా సహోద్యోగి అందరి ముందూ పగలబడి నవ్వాడు. అప్పటి నుంచి కొత్త మాట కనిపిస్తే చాలు, ఇందులో ఏ అక్షరం పలకాలో, ఏది మింగాలో అని గుండె దడ. ఇంగ్లీషు వాళ్లు తమకు మాటలు లేనట్టు ఈ ఫ్రెంచి మాటలను ఎందుకు వాడతారు? నేనిప్పుడు ఫ్రెంచి నేర్చుకోవాలా? ఒక ఆన్‌లైన్ కోర్సు వాళ్లు ఇరవై వేలు అడుగుతున్నారు. ఇంకొక చిన్న సందేహం. మా తమ్ముడి పెళ్లి పత్రిక ఈ వారంలో అచ్చుకు వెళ్లాలి. కింద ‘ప్లీజ్ ఆర్.ఎస్.వి.పి.’ అని వేయించాలని వాడి పట్టు. అసలు ఆ ముక్కే అక్కర్లేదని మా నాన్న పట్టు. ఎవరి మాట వినమంటారు?

— ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: అమ్మా, మీరు అడిగిన వాటన్నిటిలోకీ ఆ నవ్వే మిమ్మల్ని ఎక్కువగా బాధించినట్టు ఉత్తరం చూస్తే తెలుస్తూనే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. పలక మీద తెలుగు అక్షరాలు దిద్దుకున్న మనకు రాసింది రాసినట్టు చదవడం ఊహ తెలిసినప్పటి నుంచి వచ్చిన అలవాటు. కొమ్ము ఉంటే కొమ్ము, దీర్ఘం ఉంటే దీర్ఘం. రాసి పలకకుండా వదిలేసే అక్షరం మన ఓనమాలలో అరసున్న తప్ప మరొకటి లేదు. దానిని కూడా ఇప్పుడు రాయడమే మానేశాం. ఫ్రెంచి వాళ్ల సంగతి వేరు. వాళ్లు మాటల చివర వచ్చే హల్లులను చాలావరకు కొన్ని వందల ఏళ్ల కిందటే పలకడం మానుకున్నారు గాని, రాయడం మానుకోలేదు. ఇంగ్లీషు వాళ్లు ఆ మాటలను తెచ్చుకునేటప్పుడు రాతను రాతగానే తెచ్చుకుని, పలుకును మాత్రం తమ నోటికి వీలైనంత దగ్గరగా సర్దుకున్నారు. అందువల్ల ఈ మాటలను ఒక్కసారైనా చెవితో వినని మనిషి, కేవలం కంటితో చూసి సరిగా చదవగలగడం దాదాపు జరగని పని. మీ సహోద్యోగి తెలివైనవాడే కావచ్చు. కాని ఈ ఒక్క విషయంలో అతనికి మీ మీద ఉన్న ఆధిక్యమల్లా, ఆ మాటను మీకంటే ముందు ఎవరి నోటనో విని ఉండడమే.

నేను ఇంగ్లీషు అధ్యాపకుడిగా చేరిన కొత్తలో, నెల్లూరు జిల్లాలోని ఒక కళాశాలలో, తుఫాను వార్త ఒకటి తరగతిలో చదివి వినిపిస్తూ, కూలిన ఇళ్ల శిథిలాలు అనే అర్థంలో వచ్చిన మాటను ‘డెబ్రిస్, డెబ్రిస్’ అని నాలుగుసార్లు గట్టిగా పలికాను. వెనక బెంచీలో కూర్చున్న రైల్వే ఉద్యోగి కొడుకు లేచి, ‘సార్, మా నాయన వాళ్ల ఆఫీసరు దాన్ని డెబ్రీ అంటాడు సార్’ అన్నాడు. వాడు వెక్కిరించడానికి అనలేదు, నిజంగానే సందేహం వచ్చి అడిగాడు. నేను ‘రెండూ సరైనవేలే, కూర్చో’ అని బొంకాను. ఆ బొంకు గుర్తుకు వస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది గాని, డెబ్రిస్ అని చదివినందుకు మాత్రం సిగ్గనిపించదు.

ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన మాటనే కాస్త దగ్గరగా చూద్దాం. ఫ్రెంచిలో ‘ఫోర్స్’ అంటే బలం, ‘మజర్’ అంటే మరింత పెద్దది. మనిషి చేతిలో లేని పెద్ద బలం అని మొత్తం అర్థం. ఈ ‘మజర్’, మీరు పలికిన ‘మేజర్’, రెండూ ఒకే లాటిను తల్లికి పుట్టినవి. కాబట్టి మీరు దారి తప్పి ఎక్కడికో వెళ్లలేదు, అక్క ఇంటికి వెళ్లబోయి చెల్లెలి ఇంటి తలుపు కొట్టారు. సరిగా పలకడానికి చేయవలసినది కూడా పెద్దగా లేదు. ‘మే’ అని సాగదీయకుండా ‘మ’ అని తేల్చి, బరువంతా రెండో అచ్చు మీద వేయాలి. మధ్యలో వచ్చే హల్లు మాత్రం మన జకారం కాదు. మన ‘జ’ పలికేటప్పుడు నాలుక అంగిలిని తాకి ఒక్క క్షణం గాలిని ఆపుతుంది, ఇక్కడ ఆపకూడదు. ‘శ’ అని పలుకుతూ, నాలుకను కదపకుండా గొంతులో నాదం కలపండి. అప్పుడు వచ్చే ధ్వనే కావలసినది. ఒకసారి పట్టుబడితే మసాజ్, బేజ్ రంగు వంటి మాటలలోనూ అదే పనికి వస్తుంది.

ఆ మాట మీ ఉద్యోగానికి సంబంధించినది కాబట్టి పలుకుతో పాటు దాని బలమూ తెలిసి ఉండాలి. 1804 నాటి ఫ్రెంచి పౌరస్మృతిలో ఈ మాట ఉంది. మన 1872 నాటి ఒప్పందాల చట్టంలో ఈ మాట ఎక్కడా కనిపించదు గాని, ఆ విషయం 32, 56 సెక్షన్ల కింద నడుస్తుంది. ఇంగ్లీషులో ‘యాక్ట్ ఆఫ్ గాడ్’ అనే ఇంకొక మాట ఉంది. తుఫాను, భూకంపం, వరద వంటివి మాత్రమే దాని కిందికి వస్తాయి. ఫోర్స్ మజర్ పరిధి అంతకంటే పెద్దది, షరతులో రాసుకున్న దానిని బట్టి యుద్ధం, సమ్మె, ప్రభుత్వ ఉత్తర్వు కూడా అందులో చేరతాయి. 2020 ఫిబ్రవరి 19న కేంద్ర ఆర్థిక శాఖ, కరోనా వల్ల సరుకు సరఫరాకు కలిగే ఆటంకాన్ని ప్రకృతి వైపరీత్యంగా చూడవచ్చునని, ప్రభుత్వ కొనుగోళ్లలో ఈ షరతును అవసరమైన చోట వాడుకోవచ్చునని చెప్పింది. మన పెద్దలు ఇదే సంగతిని ‘దైవికం, రాజికం’ అని రెండు ముక్కల్లో తేల్చేవారు: దేవుడి వల్ల వచ్చిన ఆపద దైవికం, రాజు వల్ల వచ్చింది రాజికం. ఆ ఫ్రెంచి మాటకు ఇంతకంటే మంచి తెలుగు నాకు దొరకలేదు. ఆ రోజు నవ్విన అబ్బాయిని, ఓడరేవులో సమ్మె జరిగి మన బ్లాకులు వారం రోజులు అక్కడే నిలిచిపోతే ఈ షరతు మనకు అక్కరకు వస్తుందా రాదా అని మర్యాదగానే ఒకసారి అడిగి చూడండి. మాటను పలకడం, మాట తెలియడం వేరువేరు విద్యలు.

ఇంగ్లీషు వాళ్లకు సొంత మాటలు లేవా అని అడిగారు. ఉన్నాయి, కాని 1066 అక్టోబరు 14న హేస్టింగ్స్ దగ్గర జరిగిన యుద్ధంలో నార్మండీ ప్రభువు విలియం గెలిచి ఇంగ్లండు గద్దె ఎక్కడంతో, తర్వాత సుమారు మూడు వందల ఏళ్లపాటు రాజుగారి కొలువులో, ప్రభువుల ఇళ్లలో, న్యాయస్థానాలలో ఫ్రెంచి చెల్లింది. పొలం దున్నేవాడు, జీవాలు కాచేవాడు తమ ఇంగ్లీషులోనే బతికారు. అందుకే దొడ్డిలో ఉన్నంతసేపు ‘షీప్’ అయిన గొర్రె, దొరగారి పళ్లెంలోకి వచ్చేసరికి ‘మటన్’ అయింది. ఫ్రెంచిలో గొర్రెను ‘మూతోఁ’ అంటారు. ఆ లెక్కన, దేశంలోని గొర్రె జాతులన్నిటిలోకీ ఎత్తైనదిగా పేరున్న నెల్లూరు జాతి పొట్టేలుకు మటన్ అన్న పేరు అచ్చంగా అతుకుతుంది. ఆదివారం పూట మనకు తూచి ఇచ్చే మేక మాంసానికే అతకదు. ఊళ్లలో సాయంత్రం గంట కొట్టి, పొయ్యిలో నిప్పు మీద మూత వేయమని హెచ్చరించే ‘నిప్పు కప్పు’ అన్న ఫ్రెంచి మాట నలిగి నలిగి ఇంగ్లీషులో కర్ఫ్యూ అయింది. బ్యాంకు వాళ్లు తనఖాకు వాడే మార్ట్‌గేజ్ అన్న మాటను విడదీస్తే ‘చచ్చిన కుదువ’ అని వస్తుంది. అప్పు కట్టినవారు ఈ పేరును ఇష్టపడరు గాని, కట్టలేనివారికి అర్థమవుతుంది.

న్యాయస్థానాల సంగతి మరీ విచిత్రం. కక్షిదారులకు తమ వ్యాజ్యంలో ఏం జరుగుతోందో తెలియడం లేదు కాబట్టి వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో ఒక చట్టం చేశారు; ఆ చట్టాన్ని రాసింది మాత్రం ఫ్రెంచిలోనే. ఇది విని నవ్వే ముందు ఒంగోలు కోర్టు ఆవరణలో ఒక గంట నిలబడి వినండి. వకాలతు, జామీను, హాజరు, దస్తావేజు, దావా అని మాట్లాడే ప్లీడరు గుమాస్తా పార్శీ చదివాడా, అరబ్బీ చదివాడా? తహసీల్దారు ఆఫీసులో ఫసలీ అనీ జమాబందీ అనీ అడిగే రైతు ఎప్పుడైనా ఆ మాటల పుట్టుక కోసం కోర్సుకు డబ్బు కట్టాడా? ఏలినవారి మాట ఏలుబడి పోయినా కాగితాల మీద మిగిలిపోతుంది. ఆ తర్వాతి కాలంలో ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులోకి బలవంతంగా కాక మోజుతో వచ్చాయి. వంటకు, దుస్తులకు, సైన్యానికి, దేశాల మధ్య రాయబారానికి ఫ్రెంచి వాళ్లే మేటి అన్న పేరు ఐరోపా అంతటా ఉండేది. 1919 నాటి వెర్సాయ్ సంధిలో ఫ్రెంచితో సమానంగా ఇంగ్లీషు పాఠానికీ ప్రామాణ్యం ఇచ్చారన్నది అప్పట్లో పెద్ద వార్త.

ఈ రెండు విడతల తేడా తెలిస్తే పలుకుబడి సగం సులువవుతుంది. మొదటి విడతలో వచ్చిన మాటలు వెయ్యేళ్లుగా నలిగి పూర్తిగా ఇంగ్లీషు అయిపోయాయి; వాటిని పలకడంలో భయపడవలసినది లేదు. రెండో విడతలో వచ్చినవి ఇంకా కొత్త అల్లుళ్ల వంటివి, మర్యాదలు కోరతాయి. చీఫ్, షెఫ్ అనే రెండు మాటలూ నిజానికి ఒకే ఫ్రెంచి మాట, ‘తల’ లేదా ‘పెద్ద’ అని దాని అర్థం. ముందు వచ్చినది చకారంతో స్థిరపడి ఆఫీసులో పెద్ద అయింది, వెనక వచ్చినది షకారంతో నిలిచి వంటింట్లో పెద్ద అయింది. అందుకే ఛాంబర్, ఛైర్ వంటి పాత మాటలలో చకారం, షాంపేన్, బ్రోషర్, ప్యారాషూట్ వంటి తర్వాతి మాటలలో షకారం వినిపిస్తాయి.

మీరు గమనించారో లేదో, ఈ మర్యాదలలో చాలావాటిని మన వాళ్లు చదువుతో పని లేకుండానే పాటిస్తున్నారు. ఆర్టీసీ డిపో అనేవాళ్లే గాని ‘డిపోట్’ అనేవారు మన జిల్లాలో ఎవరైనా ఉన్నారా? దాని చివర టీ అక్షరం ఉన్నదని బస్సు ఎక్కేవారిలో సగం మందికి తెలియదు. బఫే, బొకే కూడా అంతే. మీ చీమకుర్తి రోడ్డు మీద రాళ్లు మోసే లారీలను బాగు చేసే మేస్త్రీలను అడగండి. ‘ఛాసీ వంగిపోయిందయ్యా’ అంటారు. చివర ఎస్ ఉన్నది కదా అని ఇంజనీరింగు చదివిన పిల్లలు ‘ఛాసిస్’ అంటారు. మొదటి అక్షరాన్ని షకారం చేసి ‘షాసీ’ అంటే అచ్చమైన పలుకు వచ్చేస్తుంది. మేస్త్రీ ఇప్పటికే ముప్పాతిక దూరం నడిచి ఉన్నాడు. బూర్జువా అన్న మాట ఇంకా మంచి ఉదాహరణ. 1913లో అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారి పార్టీ మన పల్లెల్లో నడిపిన తరగతుల పుణ్యమా అని, బడి మెట్లు ఎక్కని కూలీలు కూడా ఆ మాటను ఫ్రెంచి పలుకుకు దగ్గరగా పలికేవారు. దానిని ఇంగ్లీషు అక్షరాలలో చూపించి చదవమంటే కళాశాల విద్యార్థులు ‘బోర్‌జియాయిస్’ అని చదవడం నేను చెవులారా విన్నాను. పట్టణంలో స్థిరపడిన వాడు అన్నదే ఆ మాటకు మొదటి అర్థం.

ఆ బూర్జువాలో ఉన్న ‘వా’ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఓ, ఐ అనే రెండు అక్షరాలు ఫ్రెంచిలో పక్కపక్కన వస్తే ‘వా’ అని పలుకుతాయి. మనం సోమశిల రిజర్వాయరు అంటాం, పత్రికలు కూడా అలాగే రాస్తాయి. ఇంగ్లీషులో అది ‘రెజర్వ్వార్’. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు రిజర్వాయరును రిజర్వాయరనే అనండి, అది ఇప్పుడు తెలుగు మాట. పెన్న నీళ్లు మన పలుకును బట్టి తగ్గవు. విదేశీయుడితో మాట్లాడేటప్పుడు మాత్రం మార్చుకోండి. ఇక ముక్కుతో పలికే అచ్చుల సంగతి. దారిలో ఉన్నాము అనడానికి వాడే ‘ఆన్ రూట్’, మూకుమ్మడిగా అనడానికి వాడే ‘ఆన్ మాస్’, మీ ఆఫీసులో నిత్యం అవసరపడే, గంపగుత్తగా అని అర్థమిచ్చే ‘ఆన్ బ్లాక్’, వీటి మొదట్లో ఉండే ఈ, ఎన్ అక్షరాలను చూసి ‘ఎన్’ అని చదవకూడదు. అచ్చమైన ఫ్రెంచిలో అక్కడ నకారమే లేదు, అచ్చును ముక్కులోంచి తీసి వదిలేస్తారు. మన పాత పుస్తకాలలో ‘వాఁడు’ అని రాసినప్పుడు అరసున్న సూచించిన ధ్వని అదే. ఇంగ్లీషు వాళ్లకు అది నోరు తిరగక ‘ఆన్’ అని సరిపెట్టుకున్నారు. వాళ్లకు చాలినది మనకూ చాలు.

అన్నిటికీ చివరి అక్షరం మింగేయడమే సూత్రమనుకుంటే మళ్లీ పప్పులో కాలు వేస్తాం. మాట చివర హల్లు తర్వాత ‘ఈ’ (e) అనే అక్షరం ఉంటే ఆ హల్లు పలుకుతుంది. చివరి వేటు అని అర్థమిచ్చే ‘కూ ద గ్రాస్’లో గ్రాస్ చివరి సకారం పలకాలి. ఫ్రెంచి తెలిసినట్టు కనిపించాలని దానిని ‘కూ ద గ్రా’ అనే పండితులు నాకు తెలుసు. అలా అంటే వేటు పోయి కొవ్వు మిగులుతుంది. ఇంకొక గందరగోళం లాటిను మాటలతో వస్తుంది. మీరు రోజూ తయారు చేసే ప్రొఫార్మా ఇన్వాయిస్‌లోని ప్రొఫార్మా, విద్యార్థులు అడిగే బోనఫైడ్ సర్టిఫికెట్‌లోని బోనఫైడ్, స్టేటస్ కో, వైస్ వెర్సా, అడ్‌హాక్, ఇవన్నీ లాటినువి. లాటిను మాటలలో సాధారణంగా చివరి హల్లును మింగే పని లేదు. అది ఫ్రెంచా లాటినా అన్నది ఒక్కటి తెలుసుకుంటే చాలా తప్పులు మొదట్లోనే తప్పిపోతాయి.

అర్థాల విషయానికి వస్తే మీరు భయపడవలసినది మరీ తక్కువ, ఎందుకంటే ఈ మాటల వెనక ఉన్న ఊహలు మన నుడికారంలో ముందే ఉన్నాయి. నలుగురిలో మర్యాద తప్పి చేసిన చిన్న పొరపాటును ‘ఫో పా’ అంటారు, అక్షరాలా తప్పటడుగు. ఎవరికైనా పూర్తి అధికారం ఇవ్వడాన్ని ‘కార్ట్ బ్లాంష్’ అంటారు. తెల్లకాగితం మీద సంతకం పెట్టి ఇవ్వడమే కదా. ఇక మార్చడానికి వీల్లేకుండా జరిగిపోయిన దానిని ‘ఫేట్ అకాంప్లీ’ అంటారు. మనం ‘అయిన పెళ్లికి మేళమా’ అని ఊరుకుంటాం. ‘విజావీ’ అక్షరాలా ముఖాముఖి అయినా, ఇంగ్లీషులో ‘దానితో పోలిస్తే’ అనో ‘దాని విషయంలో’ అనో వాడతారు. మీ ఈ-మెయిళ్లలో ఇది తరచు కనిపిస్తుంది, చాలాసార్లు అవసరం లేకుండానే కనిపిస్తుంది. ‘డేజా వూ’ అంటే ముందే చూసినది. మొదటిసారి వెళ్లిన ఊళ్లో ఒక సందు మలుపు తిరగగానే ఇక్కడికి ఎప్పుడో వచ్చానే అనిపించే వింతకు తెలుగులో ఒక్క మాట లేదు కాబట్టి ఇది మనకూ పనికి వచ్చే అప్పు. వరుసలో నిలబడడాన్ని క్యూ అంటాం. అది ఫ్రెంచిలో తోక. మొదట నిలబడిన వారికి కాకపోయినా చివర చేరిన వారికి ఆ అర్థం బాగానే తెలుస్తుంది.

అన్నిటికంటే నాకు నవ్వు తెప్పించేది, ఫ్రెంచివని ఇంగ్లీషు వాళ్లు గర్వంగా వాడే కొన్ని మాటలు ఫ్రాన్సులో ఆ అర్థంలో చెల్లకపోవడం. రచయిత కలం పేరును ‘నోమ్ ద ప్లూమ్’ అనడం ఇంగ్లీషు వాళ్లు ఫ్రెంచి ముక్కలతో ఇంట్లోనే కుట్టుకున్న చొక్కా. పాటగాడిని మళ్లీ పాడమని లండనులో ‘ఆంకోర్’ అని అరుస్తారు. పారిసులో అదే సందర్భంలో ‘బిస్’ అంటారు. మనం ఉద్యోగానికి పంపే రెజ్యూమెను ఫ్రాన్సులో సీవీ అంటారు. రెజ్యూమె అంటే వాళ్లకు వట్టి సారాంశం. ‘ఆంత్రే’ అంటే ఫ్రాన్సులో భోజనానికి ముందు వచ్చే పదార్థం, అమెరికాలో అసలు భోజనమే. మీ యజమాని ఎప్పుడైనా ప్రదర్శనల కోసం విదేశాలకు పంపితే హోటలు మెనూ ముందు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, ఆకలితో లేవవలసిన పని ఉండదు.

కాబట్టి ఆ ఇరవై వేలు కట్టకండి. ఫ్రెంచి గొప్ప భాష, దాని సాహిత్యం కోసమో, ఫ్రాన్సులో చదువు కోసమో నేర్చుకుంటానంటే నేనే ప్రోత్సహిస్తాను. మీ అవసరం అది కాదు. మీకు కావలసినవి ఇంగ్లీషులో చెల్లుతున్న ముప్పై నలభై మాటలు. వాటిని కూడా ఫ్రెంచి వాళ్లు పలికినట్టు కాక ఇంగ్లీషు వాళ్లు పలికినట్టు పలకాలి. ఫ్రెంచి నేర్చుకుని వచ్చి రెస్టారెంటును ‘రెస్తోరాఁ’ అంటే ఒంగోలులో అన్నం పెట్టేవాడు కూడా అయోమయంగా చూస్తాడు. ఈ పని ఇలా చేయండి. మీ ఆఫీసులో కిందటి సంవత్సరం ఒప్పందాలు, ఈ-మెయిళ్లు తిరగేసి, అనుమానం కలిగించిన ప్రతి మాటనూ ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించండి. ఫోనులో ఉచ్చారణ వినిపించే నిఘంటువు ఏదైనా తెరిచి, ఒక్కొక్క మాటను మూడుసార్లు విని, మీ చెవికి ఎలా వినిపించిందో అలాగే తెలుగు లిపిలో ఎదురుగా రాసుకోండి. ఇంగ్లీషు ఉచ్చారణ గుర్తులకంటే మన లిపి ఈ పనికి నమ్మకమైనది, ఎందుకంటే మీరు దానిని రాసినట్టే చదువుతారు. రోజుకు రెండు మాటల చొప్పున మీ పట్టిక మూడు వారాలలో అయిపోతుంది.

ఆ పట్టికలోని మాటలన్నీ మీరు వాడాలని మాత్రం నేను చెప్పను. ఫోర్స్ మజర్, ఆన్ రూట్ వంటివి వ్యాపారంలో తప్పవు. మేలైనవారిలోకెల్లా మేలైనవారు అనే ‘క్రెమ్ ద ల క్రెమ్’, ఇదీ అని చెప్పలేని ఏదో గుణం అనే ‘జ న సే క్వా’ వంటి అలంకారాలు ఎవరైనా అంటే అర్థం చేసుకోండి, మీ నోటి నుంచి రానివ్వకండి. సరుకు గురించి సూటిగా మాట్లాడే అమ్మాయి మీద కొనుగోలుదారుకు కలిగే నమ్మకం, మాటల మీద జరీ అంచు కుట్టే అమ్మాయి మీద కలగదు. మీటింగు మధ్యలో తెలియని మాట ఎదురైతే ఆగి, ‘ఈ మాటను మీరు ఎలా పలుకుతారు?’ అని అవతలి వారినే అడగండి. ఇంగ్లీషు మాతృభాష అయినవారు కూడా ఈ మాటల దగ్గర తడబడతారు. అడిగినందుకు చిన్నచూపు చూడరు. మీ సహోద్యోగి మళ్లీ నవ్వితే అక్కడికక్కడే ‘సరైన పలుకు చెప్పండి, రాసుకుంటాను’ అని కలం తీయండి. రెండుసార్లు అలా చేస్తే అతను నవ్వే ముందు నిఘంటువు చూసుకోవడం మొదలుపెడతాడు.

ఇక పెళ్లి పత్రిక. ఆర్.ఎస్.వి.పి. అంటే ‘రెపోందే సిల్ వూ ప్లే’, మీకు ఇష్టమైతే జవాబు ఇవ్వండి అని అక్షరార్థం, దయచేసి జవాబు ఇవ్వండి అని వాడుక. దయచేసి అన్నది అందులోనే ఉంది కాబట్టి ముందు మళ్లీ ప్లీజ్ చేర్చడం, ఏటీఎం మెషీను అన్నట్టు, ఒకే మాటను రెండుసార్లు చెప్పడం. అందుచేత ప్లీజ్ విషయంలో మీ తమ్ముడి పట్టు నిలవదు. అయితే మీ నాన్నగారు చెప్పినట్టు మొత్తం తీసేయాలా అన్నది వేరే ప్రశ్న. మన పత్రికలలో చి.ల.సౌ. అని ఎన్ని తరాలుగా అచ్చు వేస్తున్నాం? చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని విప్పి చెప్పగలిగిన పెళ్లికొడుకులు ఎందరు? పొడి అక్షరాలు పత్రికకు ఒక నిండుదనం ఇస్తాయి. ఆ పక్కన ఇంకొక నాలుగు అక్షరాలు ఉన్నందువల్ల వచ్చే నష్టం లేదు. కాని అవి జవాబు కోరే అక్షరాలన్న సంగతి మన బంధువులలో ఎవరికీ పట్టదు. అది పెద్దవాళ్ల ఫోను నంబర్లు వేసే చోటికి పేరు అనుకుంటారు. ఇంటికి వెళ్లి బొట్టు పెట్టి పిలిచిన వారిని ‘వస్తారా, రారా, ఎంతమంది వస్తారు’ అని అడగడం మన దగ్గర ఫో పా కంటే పెద్ద తప్పటడుగు.

అందుకని రెండు రకాలుగా అచ్చు వేయించండి. బంధువులకు ఇచ్చే తెలుగు పత్రికలో ఆర్.ఎస్.వి.పి. తీసేసి, నంబర్ల పైన ‘వివరములకు’ అని వేయించండి. మీ నాన్నగారి మాట దక్కుతుంది. మీ తమ్ముడి ఆఫీసు స్నేహితులకు, దూరపు ఊళ్ల వారికి ఇచ్చే ఇంగ్లీషు పత్రికలో ప్లీజ్ లేకుండా ఆర్.ఎస్.వి.పి. ఉంచి, దాని పక్కనే ఏ తేదీలోగా తెలియజేయాలో, ఒక్క వాట్సాప్ నంబరుతో సహా వేయించండి. తేదీ లేకపోతే ఆ నాలుగు అక్షరాలకు పని ఉండదు. పెళ్లికి పది రోజుల ముందు వంటవాళ్లు ఎన్ని విస్తళ్లని అడిగినప్పుడు చెప్పడానికి కనీసం ఆ సగం లెక్కైనా చేతిలో ఉంటుంది. ప్రూఫు వచ్చినప్పుడు నాలుగు అక్షరాల మధ్య చుక్కలు సరిగా పడ్డాయో లేదో మీరే చూడండి. మన ప్రెస్సుల్లో అది ఆర్.ఎస్.పి.వి. అయిపోవడం నేను ఒకటి రెండు పత్రికల మీద చూశాను.